సూరత్ వెళ్లేవారికి సూచనలు

ఒకప్పుడు ఈ ఊరి పేరు వినగానే ప్రపంచం తలుపులు మూసుకుంది. ఇప్పుడది దేశంలోని అతి శుభ్రమైన నగరాల్లో ఒకటి. అయినా జాగ్రత్త అవసరమే. ఎవరికి, దేనికి అన్నదే ప్రశ్న.

ఏ కరీబియన్ దీవికో బయల్దేరే తమ పౌరుల కోసం సంపన్న దేశాలు ఒక సూచనల పత్రం విడుదల చేస్తుంటాయి. అందులో మూడు భాగాలుంటాయి. లోపలికి రావడానికి ఏం కావాలి, వీధిలో ఎంత భద్రత ఉంటుంది, ఒంటికి ఏ జబ్బు అంటుకోవచ్చు. పాస్‌పోర్టు గడువు చూసుకోండి, తిరుగు టికెట్టు దగ్గరుంచుకోండి, చీకటి పడ్డాక ఫలానా పేటల వైపు వెళ్లకండి, దోమలు కుట్టకుండా ఒళ్లంతా కప్పుకోండి... ఇలా సాగుతుంది. చదివినవాడికి ఆ దీవి గురించి ఎంత తెలుస్తుందో గానీ, ఆ పత్రం రాసినవాళ్ల భయాలు మాత్రం బాగా తెలుస్తాయి.

అలాంటి పత్రాన్ని మన దేశంలోని ఒక నగరానికి రాయాల్సి వస్తే సూరత్‌ను మించింది లేదు. 1994 సెప్టెంబర్‌లో ప్లేగు వార్త పొక్కినప్పుడు ఈ ఊరు ప్రపంచం దృష్టిలో వెళ్లకూడని చోట్లలో మొదటిదైంది. రెండేళ్లు తిరక్కముందే దేశంలో శుభ్రమైన నగరాల వరుసలో రెండోదని అనిపించుకుంది. ఈ రెండు కథల్లోనూ తెలుగువాళ్ల పాత్ర ఉంది. పైగా కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలకు ఇది విహారయాత్ర కాదు. బతుకుదెరువు. కాబట్టి ఈ సూచనలు ఇద్దరు ప్రయాణికుల్ని దృష్టిలో పెట్టుకుని రాయాలి. తిరుగు టికెట్టు జేబులో ఉన్నవాడు ఒకడు. లేనివాడు ఇంకొకడు.

ప్రవేశం

హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లొచ్చు. కానీ సూరత్‌కు తెలుగువాళ్ల అసలు దారి రైలు పట్టాలే. చెన్నై నుంచి అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగా మహారాష్ట్రలోకి ప్రవేశించి, వార్ధా, అకోలా, భుసావల్, నందుర్బార్ దాటి తాపీ నది లోయ వెంట సూరత్ చేరుతుంది. రాత్రి వరంగల్‌లో ఎక్కినవాడు మర్నాడు పగటిపూట దిగుతాడు. టికెట్టు మీద దిగాల్సిన స్టేషన్ సూరత్ అని ఉందా, పక్కనే ఉన్న ఉధ్నా అని ఉందా అన్నది ఒకసారి చూసుకోవడం మంచిది.

ఈ దారి నిన్న మొన్నటిది కాదు. 17వ శతాబ్దంలో సూరత్ మొఘల్ సామ్రాజ్యానికి ప్రధాన రేవు. ఉత్తరాది నుంచి హజ్ యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలు గోల్కొండ బజారుకు చేరి, అక్కడి నుంచి బిడారుల్లో సూరత్‌కు వచ్చేవి. ఆ వ్యాపారంలో గుజరాతీ వర్తకులదే పెద్ద చెయ్యి. వాళ్లు గనుల దగ్గరే మకాం వేసి రాళ్లు కొనేవారు. సూరత్, గోల్కొండల మధ్య దారిని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే తన యాత్రా కథనంలో మజిలీల వారీగా వివరించాడు.

ఆ రోజుల్లో రేవులో దిగినవాడికి సోదా తప్పేది కాదు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ రాయబారిగా 1615 సెప్టెంబర్‌లో సర్ థామస్ రో ఇక్కడ దిగినప్పుడు మొదటి గొడవ దాని మీదే వచ్చింది. తన మనుషుల్ని, సామాన్లను తనిఖీ చేయడానికి వీల్లేదని ఆయన, చేయకుండా లోపలికి పంపేది లేదని రేవు అధికారులు పట్టుబట్టారు. రాజుగారి ఉత్తరం చేతిలో ఉన్న మనిషికే అంత తిప్పలు. మామూలు నావికుడి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇవాళ సూరత్‌లో అడుగుపెట్టడానికి ఏ భారతీయుడికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. దేశంలో ఎక్కడికైనా తిరిగే హక్కు, ఎక్కడైనా నివసించే హక్కు రాజ్యాంగం 19వ అధికరణలో ఉన్నాయి. హోటల్లో దిగేటప్పుడు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఒక్క విషయంలో మాత్రం గుజరాత్ సరిహద్దు నిజంగానే సరిహద్దు. 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ ఇక్కడ మద్యనిషేధం అమల్లో ఉంది. బయటి రాష్ట్రాల వాళ్లు గుర్తింపు కార్డు, ప్రయాణ టికెట్టు చూపించి, రుసుము చెల్లించి తాత్కాలిక పర్మిట్ తీసుకోవచ్చు. పర్మిట్ లేకుండా సీసాతో పట్టుబడితే కేసు. దక్షిణాన ఉన్న దమణ్‌లో నిషేధం లేదు గనక అటు వెళ్లి తాగి వచ్చేవాళ్లున్నారు. ఆ రోడ్డు మీద పోలీసులూ ఉంటారు.

ఇదంతా చుట్టపుచూపుగా వచ్చేవాడి సంగతి. పనికోసం వచ్చేవాడికి కావాల్సిన కాగితాలు వేరు. అవి ఏ చట్టంలోనూ కనిపించవు. ముందుగా ఊరివాడో బంధువో ఒకడు ఇక్కడ ఉండాలి. సాంచాల కార్ఖానా మేస్త్రీకి వాడు మాట ఇవ్వాలి. రాత్రి పడుకోవడానికి ఖోలీలో చోటు చూపించాలి. 1970, 80 దశకాల్లో సూరత్‌లో కృత్రిమ పట్టు మరమగ్గాలు పుట్టగొడుగుల్లా పెరిగినప్పుడు పద్మశాలీ కుటుంబాలు ఇలాగే ఒకరి వెనక ఒకరు వచ్చాయి. అంతకు ముందు వాళ్ల మజిలీలు షోలాపూర్, బొంబాయి, భివండీ. 1982లో మొదలైన బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె తర్వాత నేత పని పెద్ద మిల్లుల నుంచి చిన్న షెడ్లలోకి మారిపోయింది. సూరత్ పెరుగుదలకు అదీ ఒక కారణం. మగ్గం ఎటు జరిగితే నేతగాడూ అటే జరిగాడు.

ఊళ్లోకి రావడం సరే, ఊరికి తిరిగి వెళ్లడానికి కూడా షరతులుంటాయని 2020లో తెలిసొచ్చింది. ఆ మార్చిలో లాక్‌డౌన్ ప్రకటించగానే సాంచాలు ఆగాయి. కూలీ ఆగింది. మమ్మల్ని ఇళ్లకు పంపండంటూ ఏప్రిల్ 10న లస్కాణా ప్రాంతంలో వలస కార్మికులు రోడ్డెక్కారు. వాళ్లలో ఎక్కువమంది ఒడిశా వాళ్లు. మే 7న ఒడిశా హైకోర్టు, కొవిడ్ లేదని పరీక్షలో తేలినవాళ్లనే రాష్ట్రంలోకి రానివ్వాలని ఆదేశించింది. మర్నాడే సుప్రీంకోర్టు ఆ ఆదేశంపై స్టే ఇచ్చింది. ఒక భారతీయ పౌరుడు తన సొంత ఊరికి వెళ్లడానికి ఆరోగ్య ధ్రువపత్రం చూపించాల్సిన పరిస్థితి, కనీసం ఒక్కరోజు, కాగితం మీద ఉంది.

ఇదీ కొత్తేం కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు బయటపడ్డాక, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం జబ్బున్న ప్రాంతాల నుంచి రైల్లో వచ్చేవారికి ప్లేగు పాస్‌పోర్టు పెట్టింది. దిగిన ఊళ్లో కొన్ని రోజులపాటు అధికారి ముందు హాజరై జబ్బు లేదని చూపించుకోవాలి. ఊళ్లో ఎలుకలు రాలితే జనం ఇళ్లు వదిలి పొలాల్లో పాకలు వేసుకున్న కథలు తెలుగు పల్లెల్లో చాలాకాలం చెప్పుకున్నారు. పాకలోకి వెళ్లడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. రైలుకు కావాలి.

ఆరోగ్యం

1994 సంగతికి వస్తే, ఆ ఏడు వానలు ఎక్కువ. తాపీ పొంగింది. నది ఒడ్డున, వేడ్ రోడ్డు చుట్టుపక్కల పేద కాలనీల్లో నీళ్లు నిలిచాయి. చచ్చిన జంతువుల కళేబరాలు, తొలగించని చెత్త అక్కడే కుళ్లాయి. సెప్టెంబర్ మూడో వారంలో, గణేశ్ నిమజ్జనం ముగిసిన కొద్ది రోజులకే, జ్వరం, దగ్గు, నెత్తుటి కళ్లెతో జనం ఆసుపత్రికి రావడం, గంటల్లోనే చనిపోవడం మొదలైంది. అప్పటికే మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో గడ్డల ప్లేగు కనిపించింది. సూరత్‌లోది ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట పొక్కగానే ఊరు ఖాళీ కావడం మొదలైంది. లక్షల మంది రైళ్లు, బస్సులు, లారీలు పట్టుకుని పారిపోయారు. ముందు పారిపోయినవాళ్లలో ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు.

చనిపోయింది 50 మందికి పైగా. అదే ఏడాది దేశంలో క్షయతో పోయినవాళ్లతో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్య. అయినా క్షయను చూసి ఎవరూ విమానాలు ఆపలేదు. ప్లేగు పేరు వినగానే గల్ఫ్ దేశాలు భారత్‌తో విమాన రాకపోకలు నిలిపేశాయి. యూరప్ విమానాశ్రయాల్లో మన ప్రయాణికుల్ని విడిగా నిలబెట్టి పరీక్షించారు. కొన్ని దేశాలు మన సరుకుల్నీ వద్దన్నాయి. రాకపోకల మీద ఆంక్షలు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా వినిపించుకున్నవాళ్లు తక్కువ. చివరికి తేలింది ఏమిటంటే, భారత్ నుంచి ప్లేగు దాటి వెళ్లిన ఒక్క కేసు కూడా ఏ దేశంలోనూ నిర్ధారణ కాలేదు.

ఆ ఆంక్షల దెబ్బ ఎవరికి తగిలిందో తెలుగువాళ్లు సులభంగానే ఊహించగలరు. సూరత్‌కు నేతగాళ్లను పంపిన కరీంనగర్ జిల్లాయే గల్ఫ్‌కు కూలీలను పంపింది. ఒకే ఊళ్లో ఒక ఇంటివాడు సూరత్‌లో, పక్కింటివాడు దుబాయ్‌లో ఉండటం మామూలు. ఒకరు పారిపోయి రావాల్సిన రోజుల్లోనే ఇంకొకరికి వెళ్లడానికి విమానం లేకుండా పోయింది. ప్రయాణ సూచన అనేది సంపన్న పర్యాటకుడికి ఒక సలహా. అప్పు చేసి వీసా కొన్న కూలీకి అదొక శిక్ష.

అసలది ప్లేగేనా అన్న వాదన చాలాకాలం నడిచింది. దాన్ని తేల్చే పని ప్రభుత్వం ఒక సాంకేతిక సలహా సంఘానికి అప్పగించింది. దాని అధ్యక్షుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. శ్రీకాకుళంలో పుట్టి, భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన శాస్త్రవేత్త. అది ప్లేగు క్రిమి పనేనని ఆ సంఘం నిర్ధారించింది. భయం వదంతి కాదు. దానికి ఆధారం ఉంది. అయితే ఆధారం ఉన్న భయానికీ కొలత ఉండాలి. నాటి అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల కింద కలరా, ప్లేగు, కామెర్ల జ్వరం అనే మూడు జబ్బుల గురించే దేశాలు తప్పనిసరిగా తెలపాలి. తెలిపితే ఎదురయ్యేది ఇలాంటి వెలి. ఇక ఏ దేశం మాత్రం నిజం చెబుతుంది? సూరత్ అనుభవం ఆ నిబంధనల్ని మార్చాలన్న ఆలోచనకు ఒక కారణమైంది. 2005లో ఆమోదించి 2007లో అమల్లోకి తెచ్చిన కొత్త నిబంధనలు, జబ్బును అడ్డుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువగా రాకపోకల్ని ఆటంకపరచకూడదంటాయి. 2020లో ఆ మాట ఎంతమంది పాటించారన్నది అందరికీ తెలిసిందే.

రెండో తెలుగువాడు సూర్యదేవర రామచంద్రరావు. గుజరాత్ కేడర్ ఐఏఎస్ అధికారి. 1995 మేలో సూరత్ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఆయన కొత్త కనిపెట్టుళ్లేమీ చేయలేదు. చట్టంలో ఉన్న అధికారాలనే వాడారు. నగరాన్ని 6 జోన్లుగా విడదీసి ఒక్కొక్క దానికి బాధ్యుడైన అధికారిని పెట్టి, నిర్ణయాలు తీసుకునే అధికారం వాళ్లకే ఇచ్చారు. ఏసీ గదుల్లో కూర్చున్న అధికారులంతా రోజూ ఉదయం వీధుల్లో తిరగాలన్నారు. తానూ తిరిగారు. మురికిగా ఉన్న హోటళ్లకు, మిఠాయి దుకాణాలకు జరిమానాలు వేశారు. అక్రమ కట్టడాల కూల్చివేతలో పెద్దవాళ్లవీ వదల్లేదు. మురికివాడల్లో కాలిబాటలు, దీపాలు, మరుగుదొడ్లు వేయించారు. 1996లో ఇంటాక్ జరిపిన సర్వేలో చండీగఢ్ తర్వాత స్థానం సూరత్‌కు దక్కింది.

ఆయన 1997లో బదిలీ అయ్యారు. ఇలాంటి కథలు సాధారణంగా అక్కడితో ముగుస్తాయి. అధికారి వెళ్తాడు, చెత్త తిరిగొస్తుంది. సూరత్‌లో అలా కాలేదు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2020, 2021, 2022 సంవత్సరాల్లో రెండో స్థానం, 2023 ఫలితాల్లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం. ప్లేగు తిన్న దెబ్బ ఊరు మర్చిపోలేదన్నది ఒక వివరణ. వస్త్రాలు, వజ్రాల వ్యాపారులకు తమ ఊరి పేరు చెడితే సరుకు అమ్ముడుపోదని ఒక్క నెలలోనే అర్థం కావడం ఇంకో వివరణ. మురికి ఆ ఊరి స్వభావమని 1994లో రాసినవాళ్లు ఏమన్నా అనొచ్చు గానీ, అది మున్సిపాలిటీ చేయని పని అని తర్వాతి రెండేళ్లే రుజువు చేశాయి.

మరి ఇప్పుడు వెళ్లేవాడు ఒంటి గురించి ఏం చూసుకోవాలి? ప్లేగు గురించి భయపడాల్సిన పనిలేదు. వానాకాలంలో దోమలుంటాయి. మలేరియా, డెంగీ రెండూ ఉన్న ప్రాంతం. కరీబియన్ దీవుల్లో, దక్షిణ అమెరికాలో కామెర్ల జ్వరాన్ని మోసే ఈడిస్ దోమే ఇక్కడ డెంగీని మోస్తోంది. దోమ ఉన్నా ఆ వైరస్ మన దేశంలోకి ఇంతవరకూ రాలేదు. అందుకే ట్రినిడాడ్ లాంటి చోట్ల నుంచి టీకా పత్రం లేకుండా దిగేవారిని మన విమానాశ్రయాల్లో ఆరు రోజుల దాకా విడిగా ఉంచే నిబంధన ఉంది. మనమూ ఇతరులకు షరతులు పెడుతూనే ఉన్నామన్నమాట. ఒక్కసారి వేయించుకున్న ఆ టీకా జీవితాంతం చెల్లుతుందని 2016లో నిబంధన మార్చారు.

దక్షిణ గుజరాత్‌కు ప్రత్యేకమైన జబ్బు లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో ఒట్టికాళ్లతో దిగేవారికి సోకుతుంది. వరి మళ్లలో, చెరకు తోటల్లో పనిచేసేవాళ్లే ఎక్కువగా బలవుతారు. వరద నీళ్లలో నడిచిన నగరవాసికీ రావచ్చు. కాలికి పుండు ఉంటే వాననీళ్లలోకి దిగకపోవడం, జ్వరంతో పాటు పిక్కల నొప్పులు, కళ్లెర్రబడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లడం అవసరం. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు సముద్రపు తేమ తోడవుతుంది. నీళ్లు తాగుతూ ఉండాలి.

తిండి విషయంలో జాగ్రత్త కంటే ఆశ ఎక్కువ ఉండాలి. చస్తే కాశీలో చావాలి, తింటే సూరత్‌లో తినాలి అని గుజరాతీ సామెత. శనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించే లోచో, చలికాలంలో కూరలన్నీ కలిపి వండే ఊంధియూ, శరత్ పూర్ణిమ మర్నాడు చాందీ పడవో పండుగనాడు కిలోల లెక్కన కొని తినే ఘారీ మిఠాయి దేనికదే. డిసెంబర్, జనవరిలో వెళ్తే తాపీ ఒడ్డున పోంక్ బండ్లు కనిపిస్తాయి. పాలు పట్టిన జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి దులిపిన లేత గింజలవి. మన పల్లెల్లో ఊచబియ్యం తిన్నవాళ్లకు ఆ వాసన పరిచయమే.

భద్రత

వీధి భద్రత విషయంలో మామూలు ప్రయాణికుడికి ఇక్కడ పెద్ద ఇబ్బంది ఉండదు. రాత్రి చాలాసేపటి దాకా కుటుంబాలు తినుబండారాల బండ్ల దగ్గర కనిపిస్తాయి. ఆడవాళ్లు స్కూటర్ల మీద తిరుగుతుంటారు. వరాఛాలోని వజ్రాల బజారులో దలారీలు కాగితపు పొట్లాల్లో రాళ్లు పెట్టుకుని రోడ్డు పక్కనే బేరాలాడతారు. ప్రపంచంలో సానబట్టే ప్రతి 10 వజ్రాల్లో 9 ఈ ఊరి చేతుల మీదుగా వెళ్తాయంటారు. అంత విలువైన సరుకు చొక్కా జేబులో తిరిగే ఊరు అనుమానం మీద నడవదు. మాట మీద నడుస్తుంది.

చరిత్రలో మాత్రం సూరత్‌కు భద్రత ఎన్నడూ ఊరికే దక్కలేదు. 1664 జనవరిలో ఒకసారి, 1670 అక్టోబర్‌లో మరోసారి శివాజీ దండెత్తి సంపన్నుల ఇళ్లు దోచాడు. తాపీ ఒడ్డున 16వ శతాబ్దపు కోట ఉంది. దాన్ని బాగుచేసి మ్యూజియంగా మార్చారు. కతార్‌గామ్ దర్వాజా వైపు ఇంగ్లిష్, డచ్చి వాళ్ల పాత శ్మశానాలున్నాయి. గుమ్మటాలతో మసీదుల్ని తలపించే ఆ సమాధుల్లో ఆక్సెండెన్ సోదరులదీ, మలబార్ మొక్కల మీద మహాగ్రంథం రాయించి 1691లో చనిపోయిన డచ్చి అధికారి వాన్ రీడ్‌దీ చూడదగ్గవి. డబ్బు చేసుకుని తిరిగి వెళ్దామని వచ్చినవాళ్లే వాళ్లంతా.

ఇప్పటి ప్రమాదాలు నీళ్లు, నిప్పు, విషవాయువు. 2006 ఆగస్టులో ఎగువన ఉన్న ఉకాయ్ ఆనకట్ట నుంచి భారీగా నీళ్లు వదలడంతో నగరంలో అత్యధిక భాగం మునిగింది. జనం మేడల మీద రోజుల తరబడి నీళ్లూ, కరెంటూ లేకుండా గడిపారు. 2019 మే 24న సర్థాణాలోని తక్షశిల వాణిజ్య భవనంలో మంటలు చెలరేగి పై అంతస్తులో ట్యూషన్‌కు వచ్చిన 22 మంది విద్యార్థులు చనిపోయారు. 2022 జనవరి 6న సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ దొంగతనంగా కాలువలో రసాయనాలు కుమ్మరిస్తుండగా వెలువడిన వాయువుకు పక్కనే ఉన్న మిల్లులో ఆరుగురు కార్మికులు బలయ్యారు.

ఈ మూడింటిలో నది వరద ఒక్కటే పేద, ధనిక తేడా చూడలేదు. మిగతా ప్రమాదాలకు చిరునామా ఉంటుంది. నగరం లోపలి వాగుల్ని ఇక్కడ ఖాడీ అంటారు. పెద్ద వాన పడితే మీఠీ ఖాడీ పొంగి లింబాయత్ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లు వస్తాయి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో లింబాయత్ ముఖ్యమైనది. వానాకాలంలో సూరత్ చూడటానికి వెళ్లినవాడు తాపీ ఒడ్డున విహారపు బాటలో నిలబడి ఊరు ఎంత బాగుపడిందో అనుకుంటాడు. అదే సాయంత్రం లింబాయత్‌లో ఒక కుటుంబం బియ్యం డబ్బాను మంచం మీదికి ఎత్తి పెడుతుంటుంది.

ఇక ఏ ప్రయాణ సూచనలోనూ చోటు దొరకని ప్రమాదం సాంచాల షెడ్డు. లోపల నిలబడి పక్కవాడికి మాట వినిపించాలంటే చెవి దగ్గర అరవాలి. 12 గంటల షిఫ్టు. ఒక్కొక్కరు అనేక మగ్గాలు చూసుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ వినికిడి తగ్గుతుంది. గాలి ఆడని షెడ్డులో నూలు ధూళి, ఇరుకు ఖోలీలో షిఫ్టుల వారీగా ఒకే పరుపు. క్షయకు ఇంతకన్నా అనువైన చోటుండదు. జీతం మీటరు లెక్కన. సెలవు పెడితే కూలీ లేదు. గుర్తింపు కార్డు, ఈఎస్ఐ, భవిష్యనిధి చాలామందికి పేర్లుగానే తెలుసు. ఇలాంటివాళ్ల కోసమే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. మేస్త్రీ నోటి మాట మీద పనిలో చేరినవాడు ఆ చట్టం కంటికి ఆనలేదు.

కొత్తగా పనికి బయల్దేరే వాడికి సూచనలు రాస్తే ఇలా ఉండాలి. రేషన్ కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది గనక ఆధార్‌తో కలిపి వెంట తీసుకెళ్లాలి. కూలీ లెక్క ఫోన్‌లో అయినా సరే రాసుకోవాలి. చెవుల్లో దూదో, ప్లగ్గులో పెట్టుకోవడం నామోషీ కాదు. రెండు వారాలు దాటిన దగ్గును పొగ వల్ల అనుకోకూడదు. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మున్సిపల్ ఆరోగ్య కేంద్రం ఇంటికి దగ్గర్లో ఎక్కడుందో జ్వరం రాకముందే తెలుసుకోవాలి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు వివరాలు పోలీసులకు ఇమ్మని యజమానిని అడగాలి. చిరునామాకు అదొక ఆధారమవుతుంది. ఎప్పుడైనా ఊరు విడవాల్సి వస్తే చేతిలో ఉండేలా ఒక టికెట్టు డబ్బులు విడిగా దాచుకోవాలి. 1994లో, 2020లో అది ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా చాలా పెద్దది.

పర్యాటకుడికి సూచనలు ఇంకా తేలిక. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్లండి. కోట, శ్మశానాలు, రింగ్ రోడ్డు చీరల మార్కెట్లు, డుమస్ సముద్రతీరం చూడండి. 2023 డిసెంబర్ 17న ప్రధాని ప్రారంభించిన వజ్రాల బోర్స్ భవనం బయటి నుంచి చూసినా చాలు. అదే రోజు విమానాశ్రయంలో కొత్త టెర్మినల్ కూడా ప్రారంభమైంది. దుబాయ్‌కి విమానాలు మొదలయ్యాయి. ఏ గల్ఫ్ దేశాలైతే 1994లో సూరత్ కారణంగా దేశం మొత్తానికి తలుపు మూశాయో, వాటిలో ఒకదానికి ఇప్పుడు సూరత్ నుంచే నేరుగా ఎగిరి వెళ్లొచ్చు.

వీలైతే ఒక పూట లింబాయత్ వెళ్లండి. దుకాణాల బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. దసరా ముందు రోజుల్లో అయితే ఆడవాళ్లు తంగేడు దొరక్క బంతిపూలతో బతుకమ్మ పేర్చి ఆడుతుంటారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఏ రాష్ట్రం పిల్లలు వచ్చినా వాళ్ల భాషలో చదువు చెప్పాలనుకున్న ఊరు, వాళ్ల తండ్రుల షెడ్డులోకి గాలి రానివ్వాలని కూడా ఏదో ఒకనాడు అనుకోవచ్చు. చెత్త విషయంలో చేసి చూపించింది కదా.

అక్కడ టీ బండి దగ్గర తెలుగులో మాట కలిపితే మిమ్మల్ని ఏ జిల్లా అని అడుగుతారు. సూరత్‌లో ఆరోగ్యం ఎలా ఉంది, భద్రత ఎలా ఉంది అని మీరు అడగబోయేలోపే, ఊళ్లో ఈసారి వానలు పడ్డాయా అని వాళ్లే అడుగుతారు.